రెయిడ్ 5లో రెండు డిస్కులు పడిపోయాయి, లోపల 9 టీబీ ఉంది: లినక్స్‌తో బయటికి తీయడం ఎలా?

#1 స్టూడియో_సర్వర్

ఉబుంటు సర్వర్ మీద ఎమ్‌డీ (లినక్స్ సొంత సాఫ్ట్‌వేర్ రెయిడ్) రెయిడ్ 5 నడుస్తోంది, అంటే ఒక్క డిస్కు పోయినా డేటా నిలిచే అర్రే (డిస్కుల జట్టు). 4 టీబీ డిస్కులు నాలుగు. ఒక్కో డిస్కు మీద ఒకే పార్టిషన్, రెయిడ్ పైన నేరుగా ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్. మధ్యలో ఎల్‌వీఎం (డిస్కు చోటుని పంచే పొర) లేదు. పెళ్లి వీడియోలు, రా ఫొటోలు కలిపి 9 టీబీ దాకా ఉన్నాయి.

స్లాట్ 1 డిస్కు (స్లాట్ అంటే అర్రేలో డిస్కు స్థానం, 0 నుంచి 3 దాకా) 19 రోజుల కిందట పడిపోయింది. నిన్న కొత్త డిస్కు పెట్టి యాడ్ చేస్తే, రీబిల్డ్ (పోయిన డిస్కు డేటాని కొత్తదాని మీద మళ్లీ లెక్కగట్టి రాయడం) 63 శాతం దగ్గర ఉండగా స్లాట్ 3 కూడా జారిపోయింది. ఫైల్‌సిస్టమ్ రీడ్-ఓన్లీ అయిపోయింది. రీబూట్ చేశాక "2 డ్రైవ్‌లు, 1 స్పేర్‌తో అసెంబుల్ అయింది, అర్రే స్టార్ట్ చేయడానికి చాలవు" అనే మెసేజ్ వస్తోంది. పాత స్లాట్ 1 డిస్కు పారేయలేదు, పక్కనే ఉంది. ఇప్పుడు ఏ డిస్కు నుంచి మొదలుపెట్టాలి?

#2 గోదారిగట్టు

పాత డిస్కు ఉంచడం చాలా మంచిదైంది. తర్వాత అవసరం పడుతుంది.

ముందు చేయకూడనివి చెప్తాను. ఎమ్‌డీ రెయిడ్‌ని నడిపే ఎమ్‌డీఆడమ్ కమాండ్‌తో స్లాట్ 3ని మళ్లీ --యాడ్ చేయకండి. అలా చేస్తే దాని సూపర్‌బ్లాక్ (అర్రే వివరాలుండే చిన్న చోటు) మీద "నేను స్పేర్‌ని", అంటే డేటా లేని అదనపు డిస్కుని అని రాసేస్తుంది, ఏ స్లాట్‌లో ఉండేదో ఆ గుర్తు పోతుంది. --క్రియేట్ (అర్రేని కొత్తగా కట్టే ఆప్షన్) జోలికి అసలు వెళ్లకండి. ఎఫ్ఎస్‌సీకే (ఫైల్‌సిస్టమ్‌ని సరిచేసే కమాండ్) కూడా ఇప్పుడు వద్దు. ఎఫ్ఎస్ ట్యాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు మౌంట్ చేసేవాటి పట్టీ) ఆ అర్రే లైను కామెంట్ చేసి మెషిన్ ఆపేయండి.

తర్వాత లైవ్ యూఎస్‌బీతో బూట్ చేయండి. సిస్టమ్‌రెస్క్యూ అయినా సరే, ఉబుంటు లైవ్ అయినా సరే. అది తనంతట తానే అర్రేని సగం కట్టి ఎమ్‌డీ127 అని చూపిస్తుంది. ముందు దాన్ని ఎమ్‌డీఆడమ్ --స్టాప్ తో ఆపండి. ఆపాక ప్రతి పార్టిషన్‌కీ ఎమ్‌డీఆడమ్ --ఎగ్జామిన్ ఇచ్చి, వచ్చింది ఫైల్లో దాచి ఇక్కడ పెట్టండి. ఎగ్జామిన్ చదువుతుందే తప్ప ఏమీ రాయదు. ఎస్‌డీబీ, ఎస్‌డీసీ పేర్లను నమ్మకండి, బూట్ బూట్‌కీ మారిపోతాయి. డిస్కు మీది సీరియల్ నంబర్ చూసి, స్కెచ్ పెన్నుతో స్లాట్ నంబర్ దాని మీదే రాసుకోండి.

నాలుగింటికీ స్మార్ట్‌సీటీఎల్ -ఎ రిపోర్టు (డిస్కు తన ఆరోగ్యం గురించి రాసుకునే స్మార్ట్ లెక్కలు) కూడా కావాలి. అందులో 5, 197, 198, 199 వరసలు (చెడ్డ సెక్టార్లు, కేబుల్ ఎర్రర్ల లెక్కలు) చాలు.

#3 స్టూడియో_సర్వర్

ఎగ్జామిన్ సారాంశం ఇది. మెటాడేటా 1.2, చంక్ (ఒక డిస్కు మీద ఒకేసారి రాసే ముక్క) 512కె, లేఅవుట్ లెఫ్ట్-సిమెట్రిక్ (పారిటీ, అంటే పోయినదాన్ని తిరిగి లెక్కగట్టే అదనపు చంక్, డిస్కుల మీద తిరిగే వరస), డేటా ఆఫ్‌సెట్ 262144 సెక్టార్లు. పార్టిషన్ 2048వ సెక్టార్ దగ్గర మొదలవుతుంది.

స్లాట్ 0: ఈవెంట్స్ 48213
స్లాట్ 2: ఈవెంట్స్ 48213
స్లాట్ 3: ఈవెంట్స్ 48197
పాత స్లాట్ 1: ఈవెంట్స్ 31544, అప్‌డేట్ టైమ్ 19 రోజుల కిందటిది
కొత్త డిస్కు: స్పేర్ అని ఉంది

స్మార్ట్‌లో స్లాట్ 3కి కరెంట్ పెండింగ్ (చదవలేక అనుమానంలో ఉన్న సెక్టార్లు) 40, రీఅలొకేటెడ్ (వేరే చోటికి మార్చినవి) 0. మిగతా వాటికి రెండూ సున్నాలే. సీఆర్‌సీ ఎర్రర్లు ఎక్కడా లేవు.

#4 గోదారిగట్టు

మీ డేటా ఉంది. స్లాట్ 0, స్లాట్ 2 బాగున్నాయి. స్లాట్ 3 వాటికి 16 ఈవెంట్లే వెనకబడింది. అది పడ్డ క్షణంలో సూపర్‌బ్లాకుల్లో జరిగిన అప్‌డేట్లే ఆ 16. పైగా రెండో డిస్కు పోగానే ఫైల్‌సిస్టమ్ రీడ్-ఓన్లీ అయింది కాబట్టి ఆ తర్వాత కొత్త ఫైళ్లేమీ రాయలేదు. రెయిడ్ 5కి నాలుగింట్లో మూడు చాలు. 0, 2, 3 కలిస్తే అర్రే లేస్తుంది.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. మొదట పడ్డ డిస్కు స్మార్ట్‌లో ఆరోగ్యంగా కనిపిస్తే దాన్ని లోపల పెట్టి, పెండింగ్ సెక్టార్లున్న రెండోదాన్ని బయట పెడతారు. తలకిందుల పని అది. మొదట పడ్డదానిలో ఉన్నది 19 రోజుల నాటి డేటా. దాన్ని కలిపి --ఫోర్స్ (వెనకబడ్డ డిస్కునీ బలవంతంగా చేర్చే ఆప్షన్) ఇస్తే, ఈ 19 రోజుల్లో రాసిన ప్రతి స్ట్రైప్‌లోనూ (అన్ని డిస్కుల మీదా ఒకే వరసలో ఉండే చంకులు) పాతా కొత్తా కలిసిపోతాయి. చివర పడ్డ డిస్కుకి నాలుగు గాయాలున్నా దానిలోదే తాజా డేటా. కాపాడుకోవాల్సింది దాన్నే.

#5 నల్లతెర

స్లాట్ 3ని అర్రేలో పెట్టేముందే క్లోన్ తీయండి. పెండింగ్ సెక్టార్లున్న డిస్కు మీద 9 టీబీ కాపీ నడిపితే మధ్యలో మళ్లీ జారుతుంది.

డిస్కుని నేరుగా మదర్‌బోర్డు సాటా పోర్టుకి తగిలించండి. ఈ పనికి యూఎస్‌బీ డాక్ వద్దు. చదవలేని సెక్టార్ తగలగానే చాలా డాకుల్లో బ్రిడ్జి చిప్ రీసెట్ అయి డిస్కే మాయమవుతుంది. కొన్ని డాకులైతే సెక్టార్ సైజుని 4096గా చూపించడంతో పార్టిషన్ టేబుల్ కూడా తప్పుగా కనిపిస్తుంది.

క్లోన్ డిస్కులో కనీసం అన్ని సెక్టార్లూ ఉండాలి. బ్లాక్‌డెవ్ --గెట్‌సైజ్64 తో చూసుకోండి. 4 టీబీ డిస్కుకి సాధారణంగా 4,000,787,030,016 బైట్లు వస్తాయి. మీది మెటాడేటా 1.2, అంటే సూపర్‌బ్లాక్ మొదటి నుంచి 4 కిలోబైట్ల దగ్గర ఉంటుంది కాబట్టి పెద్ద డిస్కు మీదికి క్లోన్ చేసినా ఇబ్బంది లేదు. 0.90 లేదా 1.0 అయితే సూపర్‌బ్లాక్ చివర్లో ఉంటుంది. పార్టిషన్ లేకుండా డిస్కు మొత్తాన్నీ రెయిడ్‌కి ఇచ్చిన చోట పెద్ద డిస్కు మీదికి మారిస్తే అది దొరకదు.

వాడాల్సింది గ్నూ డీడీరెస్క్యూ (పాడైన డిస్కు నుంచి కాపీ తీసే ప్రోగ్రాము). ఉబుంటులో ప్యాకేజీ పేరు జీడీడీరెస్క్యూ. మధ్యలో అండర్‌స్కోర్ ఉన్న డీడీ_రెస్క్యూ వేరే ప్రోగ్రాము, దాని ఆప్షన్లు వేరు. మొదటి విడత -ఎఫ్ -ఎన్ తో నడపండి. ముందు సోర్స్, తర్వాత గమ్యం, చివర మ్యాప్‌ఫైల్ (ఏ చోటు వచ్చింది, ఏది రాలేదు అనే లెక్క). -ఎన్ ఇస్తే తేలిగ్గా వచ్చేదంతా తీసుకుని, చెడ్డ చోట్ల గీకడం తర్వాతకి వదిలేస్తుంది. రెండో విడత అదే మ్యాప్‌ఫైల్‌తో -ఎఫ్ -డీ -ఆర్3. మ్యాప్‌ఫైల్ తప్పనిసరి. అది లేకపోతే కరెంటు పోయినప్పుడల్లా మొదటికి రావాలి. సోర్స్, గమ్యం తారుమారైతే ఆశ వదులుకోవాల్సిందే. అందుకే /డెవ్/డిస్క్/బై-ఐడీ పేర్లు ఇచ్చి, సీరియల్ నంబర్ రెండుసార్లు చదివి అప్పుడు ఎంటర్ కొట్టండి.

సగటున సెకనుకి 150 ఎంబీ లెక్కన 4 టీబీకి ఏడున్నర గంటలు. డిస్కు మీద చిన్న ఫ్యాన్ పెట్టండి. టిక్ టిక్ చప్పుడు గానీ, మోటారు ఆగి మళ్లీ తిరగడం గానీ వినిపిస్తే వెంటనే పవర్ తీసేయండి. ఆ తర్వాతి పని క్లీన్‌రూమ్ ఉన్న ల్యాబ్‌ది.

#6 బెజవాడ_బాక్స్

క్లోన్ అయ్యాక --క్రియేట్ --అస్యూమ్-క్లీన్ (పారిటీ సరిగ్గా ఉందనుకోమనే ఆప్షన్) తో స్లాట్ 1 దగ్గర మిస్సింగ్ అని పెట్టి కట్టేయొచ్చుగా? చంక్ తెలుసు, లేఅవుట్ తెలుసు, వరస తెలుసు. ఒక్క కమాండ్‌తో అయిపోతుంది.

#7 గోదారిగట్టు

అన్నా, ఆ సలహా నెట్‌లో అంతటా కనిపిస్తుంది, దాంతో పోయిన అర్రేలూ అంతే ఉన్నాయి. చంక్, లేఅవుట్, వరస కాకుండా నాలుగోది ఇంకొకటి ఉంది: డేటా ఆఫ్‌సెట్. డిస్కులో అసలు డేటా ఎక్కణ్నుంచి మొదలవుతుందో చెప్పేది అదే. ఎమ్‌డీఆడమ్ పాత వెర్షన్లు 2048 సెక్టార్లు వదిలేవి. తర్వాతివి 262144 వదిలాయి. ఇప్పటివి ఇలాంటి డిస్కుకి 264192 తీసుకుంటాయి. ఈయన అర్రేలో 262144 ఉంది. ఇవాళ్టి లైవ్ యూఎస్‌బీతో క్రియేట్ కొడితే 1 ఎంబీ పక్కకి జరుగుతుంది. ఫైల్‌సిస్టమ్ కనపడదు. కనపడలేదని మనిషి కంగారుపడి ఎఫ్ఎస్‌సీకే కొడతాడు. అసలు నాశనం అక్కణ్నుంచి మొదలు. డీఫాల్ట్ చంక్ కూడా ఒకప్పుడు 64కె ఉండేది, తర్వాత 512కె అయింది. ఇక అస్యూమ్-క్లీన్ మరిచిపోయి నాలుగు డిస్కులూ ఇస్తే నేరుగా రీసింక్ (పారిటీ మళ్లీ లెక్కగట్టి రాయడం) మొదలై, తిరగరాయడం జరిగిపోతుంది.

సూపర్‌బ్లాకులు చెరిగిపోయినప్పుడే --క్రియేట్. అప్పుడు కూడా --డేటా-ఆఫ్‌సెట్ సహా అన్నీ ఇచ్చి, ఓవర్‌లే మీదే. ఇక్కడ సూపర్‌బ్లాకులు చక్కగా ఉన్నాయి, --అసెంబుల్ --ఫోర్స్ చాలు.

#8 బెజవాడ_బాక్స్

ఒప్పుకుంటున్నాను, ఆఫ్‌సెట్ సంగతి తట్టలేదు. ఓవర్‌లే ఎలా వేయాలో కూడా వివరంగా రాయండి. ఇది వెతుక్కుంటూ వచ్చేవాళ్లకి పనికొస్తుంది.

#9 గోదారిగట్టు

అసలు డిస్కు మీద చెయ్యి పడకుండా, రాసేవన్నీ ఇంకో ఫైల్లోకి మళ్లించడమే ఓవర్‌లే. --ఫోర్స్ ఇచ్చినప్పుడు ఎమ్‌డీఆడమ్ వెనకబడ్డ డిస్కు ఈవెంట్ కౌంట్‌ని పెంచి రాస్తుంది. ఆ చిన్న రాత కూడా అసలు దాని మీద పడకూడదు.

ముందు ఒరిజినల్ స్లాట్ 3 తీసి పక్కన పెట్టేయండి. క్లోన్, ఒరిజినల్ రెండూ ఒకేసారి తగిలిస్తే రెండింటికీ ఒకే యూయూఐడీ (గుర్తింపు సంఖ్య) ఉంటుంది. ఏది లోపలికి వెళ్లిందో మీకు తెలియదు.

ప్రతి డిస్కుకీ: బ్లాక్‌డెవ్ --సెట్‌ఆర్‌ఓ తో రీడ్-ఓన్లీ చేయండి. వేరే డిస్కు మీద ట్రంకేట్ -ఎస్ 50జీ తో ఖాళీ ఫైలు తయారుచేయండి. స్పార్స్ ఫైలు కనుక మొదట్లో చోటు తీసుకోదు. లాసెటప్ -ఎఫ్ --షో తో దాన్ని లూప్ డివైస్ చేయండి. తర్వాత డీఎమ్‌సెటప్ క్రియేట్‌కి ఇచ్చే వరస ఇది: 0, పార్టిషన్ సెక్టార్ల సంఖ్య, స్నాప్‌షాట్, అసలు పార్టిషన్, లూప్ డివైస్, పీ, 8. సెక్టార్ల సంఖ్యకి బ్లాక్‌డెవ్ --గెట్‌ఎస్‌జెడ్. /డెవ్/మ్యాపర్ కింద కొత్త పేర్లు వస్తాయి. ఇకనుంచి పనంతా వాటి మీదే. ఏదైనా పాడుచేస్తే ఓవర్‌లే తీసి మళ్లీ వేసుకోవచ్చు. ఓవర్‌లే ఫైలు ఉన్న డిస్కు నిండిపోతే మాత్రం ఆ స్నాప్‌షాట్ చెల్లకుండా పోతుంది. డీఎమ్‌సెటప్ స్టేటస్ మీద కన్నేసి ఉంచండి.

ఆ తర్వాత --అసెంబుల్ --ఫోర్స్ కి మ్యాపర్ పేర్లు మూడే ఇవ్వండి: 0, 2, క్లోన్ 3. కొత్త డిస్కుని దగ్గరికి రానివ్వకండి. అది కనపడితే రీబిల్డ్ మళ్లీ మొదలవుతుంది. అర్రే లేచాక మౌంట్‌కి ఆర్‌ఓ, నోలోడ్ ఆప్షన్లు ఇవ్వండి. నోలోడ్ లేకపోతే రీడ్-ఓన్లీలో కూడా ఈఎక్స్‌టీ4 జర్నల్ (పూర్తికాని రాతల చిట్టా) రీప్లే చేస్తుంది, అంటే డిస్కు మీద రాస్తుంది. ఎక్స్‌ఎఫ్ఎస్ వాడేవాళ్లకి అదే పని నోరికవరీ చేస్తుంది.

ఇంకొకటి. --ఎగ్జామిన్-బ్యాడ్‌బ్లాక్స్ కూడా ఒకసారి ఇచ్చి చూడండి. ఎమ్‌డీ తన సొంత చెడ్డ సెక్టార్ల పట్టీ సూపర్‌బ్లాక్ పక్కన రాసుకుంటుంది. క్లోన్‌తో పాటు ఆ పట్టీ కూడా కాపీ అవుతుంది. అందులో ఎంట్రీలుంటే, క్లోన్ మీద ఆ సెక్టార్ బాగానే ఉన్నా ఎమ్‌డీ చదవనంటుంది. అలాంటప్పుడు అసెంబుల్‌లో --అప్‌డేట్=ఫోర్స్-నో-బీబీఎల్, ఓవర్‌లే మీద.

#10 స్టూడియో_సర్వర్

క్లోన్ పూర్తయింది. మొదటి విడతలో 1.2 ఎంబీ తప్ప అంతా వచ్చింది. రెండో విడత తర్వాత 86,016 బైట్లు మిగిలాయి. బ్యాడ్‌బ్లాక్స్ పట్టీ ఖాళీ. మూడు ఓవర్‌లేలతో అర్రే లేచింది, నోలోడ్‌తో మౌంట్ అయింది, ఫోల్డర్లన్నీ కనిపిస్తున్నాయి. ఆర్‌సింక్ (కాపీ చేసే కమాండ్) నడుస్తోంది. మిగిలిన ఆ 86 కేబీ ఏ ఫైళ్లలో ఉందో కనిపెట్టే దారి ఉందా?

#11 నల్లతెర

86,016 అంటే 4 కిలోబైట్ల సెక్టార్లు 21.

తేలికైన పద్ధతి ఒకటుంది. చిన్న ఫైల్లో ఒక గుర్తు మాట రాసి, డీడీరెస్క్యూ --ఫిల్-మోడ్=- తో దాన్ని ఇన్‌పుట్‌గా ఇస్తే, మ్యాప్‌ఫైల్లో చెడ్డవని ఉన్న చోట్ల మాత్రమే ఆ మాట నింపుతుంది. కాపీ చేసిన ఫైళ్లలో ఆ మాట కోసం గ్రెప్ కొడితే దెబ్బతిన్న ఫైళ్లు బయటపడతాయి.

#12 పారిటీ_లెక్క

నల్లతెర గారూ, ఒక్క డిస్కు అయితే అది సరిపోతుంది. ఇక్కడ సగమే పట్టుకుంటుంది. స్లాట్ 1 లేదు కాబట్టి దాని బ్లాకులన్నీ 0, 2, 3ల ఎక్సార్‌తో (బిట్‌కి బిట్ కలిపే లెక్క) లెక్కగట్టి వస్తున్నాయి. స్లాట్ 3లో ఒక సెక్టార్ పోతే అదొక్కటే కాదు, అదే వరసలో స్లాట్ 1కి చెందిన సెక్టార్ కూడా పోతుంది. మీరు పెట్టిన గుర్తు మాట అక్కడ ఎక్సార్ అయిపోయి గుర్తుపట్టలేనట్టుగా ఉంటుంది, గ్రెప్‌కి దొరకదు. అంటే 21 చెడ్డ సెక్టార్లకి దెబ్బతిన్న చోట్లు 42 దాకా ఉండొచ్చు.

కాబట్టి లెక్క వేయాలి. మ్యాప్‌ఫైల్లో బైట్లు హెక్స్‌లో ఉంటాయి. 512తో భాగిస్తే సెక్టార్ నంబర్. దాంట్లోంచి 2048 (పార్టిషన్), 262144 (ఆఫ్‌సెట్) తీసేయండి. మిగిలినదాన్ని 1024తో భాగించండి, 512కె చంక్ అంటే 1024 సెక్టార్లు కనుక. భాగఫలం స్ట్రైప్ నంబర్, శేషం చంక్ లోపలి చోటు. లెఫ్ట్-సిమెట్రిక్‌లో పారిటీ ఉండే స్లాట్ = 3 లోంచి (స్ట్రైప్‌ని 4తో భాగించిన శేషం) తీసేస్తే వచ్చేది. పారిటీ పక్క స్లాట్ నుంచి డేటా 0, 1, 2 వరసలో చుట్టు తిరుగుతుంది.

ఉదాహరణకి చెడ్డ సెక్టార్ 6,144,265,232 అనుకుందాం. తీసివేతల తర్వాత భాగిస్తే స్ట్రైప్ 6,000,001, శేషం 16. స్ట్రైప్‌ని 4తో భాగిస్తే శేషం 1, కాబట్టి పారిటీ స్లాట్ 2లో ఉంది. దాని పక్కన స్లాట్ 3, అది డేటా 0. తర్వాత స్లాట్ 0, అది డేటా 1. ఆ తర్వాత స్లాట్ 1, అది డేటా 2. స్ట్రైప్‌కి మూడు డేటా చంకులు, అంటే స్లాట్ 3 చంక్ నంబర్ 18,000,003, స్లాట్ 1ది 18,000,005. ఒక చంక్‌లో ఈఎక్స్‌టీ4 బ్లాకులు 128. గుణించి, శేషం 16ని 8తో భాగిస్తే వచ్చే 2 కలపండి. దెబ్బతిన్న బ్లాకులు 2,304,000,386, 2,304,000,642.

డీబగ్‌ఎఫ్ఎస్‌లో (ఈఎక్స్‌టీ4 లోపలికి చూసే కమాండ్) ఐచెక్ ఇస్తే ఐనోడ్ నంబర్ (ఫైల్‌సిస్టమ్ లోపల ఫైలుకుండే నంబర్) వస్తుంది, దానికి ఎన్‌చెక్ ఇస్తే ఫైలు దారి వస్తుంది. ఐచెక్ "బ్లాక్ నాట్ ఫౌండ్" అంటే అది సాధారణంగా ఖాళీ చోటే, దాన్ని వదిలేయండి. స్లాట్ 3 లేదా స్లాట్ 1 పారిటీ అయిన స్ట్రైపుల్లో రెండుకి బదులు ఒక్క బ్లాకే పోతుంది.

#13 స్టూడియో_సర్వర్

21 చోట్లకీ లెక్క వేశాను. అన్నీ 63 శాతం తర్వాతే ఉన్నాయి. ఖాళీ చోట్లు పోగా 11 ఫైళ్లు తేలాయి. అన్నీ రెండేళ్ల కిందటి వీడియోలు. వీటిని బాగుచేసే దారి ఉందా?

#14 పారిటీ_లెక్క

ఉంది. మీరు పారేయకుండా ఉంచిన పాత స్లాట్ 1 ఇప్పుడు అక్కరకొస్తుంది.

దాని డేటా 19 రోజుల పాతది నిజమే. కానీ రెండేళ్లుగా ఎవరూ ముట్టని చోట 19 రోజుల కిందటిదైనా ఇవాళ్టిదైనా ఒక్కటే. పాత డిస్కుని రీడ్-ఓన్లీ చేసి, చెడ్డ సెక్టార్ నంబర్ దగ్గరే 4096 బైట్లు డీడీతో తీయండి (డిస్కు మీది పార్టిషన్, ఆఫ్‌సెట్ ఒకటేనని ముందు ఎగ్జామిన్‌లో చూసుకోండి). స్లాట్ 1 బ్లాకు అదే. స్లాట్ 3 బ్లాకు కావాలంటే అదే నంబర్ దగ్గర స్లాట్ 0, స్లాట్ 2 నుంచి కూడా 4096 బైట్ల చొప్పున తీసి, పైథాన్‌లో మూడింటినీ బైటుకి బైటు ఎక్సార్ చేయండి. వచ్చిన 4096 బైట్లని క్లోన్ మీద ఉన్న ఓవర్‌లేలో ఆ చోట రాస్తే చాలు, స్లాట్ 1 వైపు లెక్క కూడా దానంతటదే సరిపోతుంది. మ్యాపర్ పేరు పార్టిషన్‌ది కనుక అక్కడ రాసేటప్పుడు సెక్టార్ నంబర్లోంచి 2048 తీసేయాలి. అర్రే ఆపి, రాసి, మళ్లీ అసెంబుల్ చేయండి. నడుస్తుండగా రాస్తే పాత బైట్లే క్యాష్‌లోంచి వస్తాయి.

ఇది చెల్లాలంటే ఒకటే షరతు: ఆ వరసలో స్లాట్ 1 బ్లాకు ఈ 19 రోజుల్లో మారి ఉండకూడదు. స్లాట్ 0లో ఏదైనా కొత్తగా రాసినా ఫర్వాలేదు, పారిటీ కూడా దానితో పాటే మారి ఉంటుంది కాబట్టి ఎక్సార్ సరిగ్గానే వస్తుంది. స్లాట్ 1 పారిటీగా ఉన్న స్ట్రైపుల్లో (4తో భాగిస్తే శేషం 2 వచ్చేవి) మాత్రం జాగ్రత్త. అక్కడ మూడు డేటా బ్లాకుల్లో ఏ ఒక్కటి మారినా పాత పారిటీ చెల్లదు. ఆ వరసలోని మిగతా రెండు బ్లాకులకీ ఐచెక్ కొట్టి, ఫైళ్ల తేదీలు చూడండి.

#15 బెజవాడ_బాక్స్

63 శాతం లోపు పోయిన సెక్టార్లయితే? కొత్త డిస్కులో అక్కడిదాకా రీబిల్డ్ అయి ఉంటుందిగా.

#16 పారిటీ_లెక్క

ఔను. ఆ భాగానికి కొత్త డిస్కే పాతదానికన్నా మేలు, తాజా లెక్కతో నిండింది కనుక. ఈయనకి ఆ అవసరం రాలేదు. అక్కడిదాకా స్లాట్ 3 చదవగలిగింది కాబట్టే రీబిల్డ్ అంతవరకు వచ్చింది.

#17 స్టూడియో_సర్వర్

21 సెక్టార్లూ రాశాను. రెండు స్ట్రైపుల్లో స్లాట్ 1 పారిటీ ఉంది, పక్క బ్లాకులవి కూడా పాత ఫైళ్లే. 11 వీడియోలనీ ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో -వీ ఎర్రర్ పెట్టి నల్ అవుట్‌పుట్‌కి మొదటి నుంచి చివరిదాకా నడిపాను, ఒక్క ఎర్రర్ లైన్ కూడా రాలేదు. అందరికీ ధన్యవాదాలు. అవే డిస్కులతో కొత్త అర్రే కట్టొచ్చా?

#18 నల్లతెర

0, 2 వాడుకోవచ్చు. కానీ ఆర్‌సింక్ -సీ తో కాపీ మొత్తం ఒకసారి సరిపోల్చుకునేదాకా ఏదీ చెరపకండి. స్లాట్ 3 ఇక వద్దు.

అది జారిపోయిన కారణం కూడా చూడండి. స్మార్ట్‌సీటీఎల్ -ఎల్ ఎస్‌సీటీఈఆర్‌సీ (చెడ్డ సెక్టార్ కోసం డిస్కు ఎంతసేపు ప్రయత్నించాలో చెప్పే సెట్టింగ్) ఇచ్చి చూస్తే, డెస్క్‌టాప్ డిస్కుల్లో చాలావాటికి డిసేబుల్డ్ అనో, అసలు సపోర్టు లేదనో వస్తుంది. అలాంటి డిస్కు ఒక చెడ్డ సెక్టార్ కోసం రెండు నిమిషాలైనా తంటాలు పడుతుంది. కెర్నెల్ 30 సెకన్లే ఆగి రీసెట్ కొడుతుంది. డిస్కు పలకదు, ఎమ్‌డీ బయటికి నెట్టేస్తుంది. సపోర్టు ఉంటే 70,70 ఇవ్వండి, అంటే 7 సెకన్లు. లేకపోతే ఆ డిస్కుకి /సిస్/బ్లాక్ కింద టైమౌట్‌ని 180 చేయండి. రెండూ పవర్ తీస్తే పోతాయి, కాబట్టి బూట్ స్క్రిప్టులో పెట్టాలి.

కొత్తది రెయిడ్ 6 (రెండు డిస్కులు పోయినా నిలిచేది) కట్టండి. నాలుగు డిస్కులకి 8 టీబీయే వస్తుంది, మీ 9 టీబీకి చాలదు, ఐదు పెట్టాలి. నెలకోసారి సింక్_యాక్షన్‌లో చెక్ (డిస్కులన్నీ చదివి పారిటీ సరిచూడడం) నడవాలి. డెబియన్, ఉబుంటుల్లో అది ముందే ఉంటుంది, ఆగిపోయి ఉందేమో చూడండి. ఈసారి పెండింగ్ సెక్టార్లు కనపడగానే, డిస్కు ఇంకా బతికుండగానే పక్కన కొత్తది పెట్టి ఎమ్‌డీఆడమ్ --రీప్లేస్ --విత్ ఇవ్వండి. పాతదాన్ని లోపలే ఉంచి దాన్నుంచే కాపీ చేస్తుంది, చదవలేని చోట్ల మాత్రమే మిగతా డిస్కుల నుంచి లెక్కగడుతుంది.